కియోనాకి నేర్పని గుర్తు

ఆగస్టు నెలలో ఆర్డెల్ హైస్కూలు వెనకాల మైదానంలో ఇత్తడి గొట్టం ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది. ఆ ఎండలో నలభై మంది పిల్లల్ని వరసల్లో నిలబెట్టి, నెత్తిన గడ్డి టోపీ, మెళ్ళో ఈల, చేతిలో ఐసు వేసిన తీపి టీ పెట్టుకుని ఎజ్రా ప్రూయిట్ అరుస్తూ ఉండేవాడు. ఆయన మా బ్యాండు మాస్టారు. ఇరవై ఆరేళ్ళుగా ఆయన అరుపులు లేని ఆగస్టు మా ఊరు ఎరగదు.

మా మిసిసిపీ డెల్టాలో శుక్రవారం సాయంత్రం ఫుట్‌బాల్ ఆటకి జనం విరగబడి వస్తారు గానీ, ఆట చూడ్డానికి కాదు. ఆట జరుగుతున్నంతసేపూ ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ఊళ్ళో వాళ్ళ సంగతులు చెప్పుకుంటారు. సగం ఆటయ్యాక బ్యాండు దిగుతుంది. అప్పుడు ఒక్కడు కుర్చీలోంచి లేస్తే ఒట్టు. మా జట్టు ఏటా ఓడిపోతూనే ఉంటుంది, దాన్నెవరూ పట్టించుకోరు. బ్యాండు పక్క ఊరి బ్యాండు ముందు తేలిపోయిన ఏడు మాత్రం ఒకటుంది. ఆ ఆదివారం చర్చిలో పాస్టరు గారు ప్రూయిట్ కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేయించాడు. ఆ ప్రార్థనని ప్రూయిట్ జన్మలో మర్చిపోలేదు.

అలాంటి ఊళ్ళో, నాలుగేళ్ళ కిందటి ఆగస్టులో, యుఫోనియం వాయించే కుర్రాళ్ళిద్దరూ ఒకేసారి చెయ్యిజారిపోయారు. ఒకడు చదువైపోయి సైన్యంలో చేరాడు, రెండోవాడి తల్లి మెంఫిస్‌కి కాపురం మార్చింది. యుఫోనియం అంటే ట్యూబా అనే పెద్ద ఇత్తడి బాకాకి చెల్లెలు లాంటిది, ఒళ్ళో పట్టే వాద్యం. అది లేని బ్యాండు ఉప్పు లేని కూరలా ఉంటుంది, ఏం తగ్గిందో జనం చెప్పలేరు గానీ తినలేరు. మొదటి ఆట మూడు వారాల్లో ఉంది. ప్రూయిట్ చూపు ట్రంపెట్ వరసలో చివరి నుంచి మూడో పిల్ల, కియోనా టోలివర్ మీద పడింది.

"ఏయ్, టోలివర్ పిల్లా! ఇలా రా. ఇది పట్టుకో."

"ఇదేంటి సార్, నాకన్నా పెద్దదుంది!"

"నువ్వు పెరుగుతావు, అది పెరగదు. వేళ్ళు అవే, చుక్కలు అవే, గొట్టమే కాస్త లావు. మూడు వారాల్లో వచ్చెయ్యాలి. వస్తుందా?"

"ఎస్ సార్."

"శభాష్. ఈ ఆటల సీజను అయిపోనీ, బేస్ గుర్తు నేర్పిస్తా. నెల రోజుల పని."

ఆ గుర్తు సంగతి చెప్పాలి. స్వరాలు రాసే కాగితం మీద అయిదు గీతలుంటాయి, వాటి మొదట్లో ఒక గుర్తు ఉంటుంది. ఏ గీత మీది చుక్క ఏ స్వరమో ఆ గుర్తే చెబుతుంది. ట్రంపెట్ వాళ్ళకి ట్రెబుల్ గుర్తు, యుఫోనియం లాంటి బరువు గొంతుల వాద్యాలకి బేస్ గుర్తు. గుర్తు మారితే అదే గీత మీద అదే చుక్క ఇంకో స్వరమైపోతుంది. అయితే ట్రంపెట్ నుంచి మారినవాళ్ళ కోసం యుఫోనియం వరసని ట్రెబుల్ గుర్తుతో కూడా అచ్చేసి పంపుతారు. మా వైపు చిన్న ఊళ్ళ బ్యాండు మాస్టర్లు ఆ రెండో కాగితం పుణ్యాన బతుకుతున్నారు. ప్రూయిట్ కూడా ప్రతి పాట కాగితాల కట్టలోంచీ ఆ కాగితమే తీసి కియోనా చేతికిచ్చేవాడు.

నెల రోజుల పనే, నిజమే. కానీ ఆ నెల రోజులూ పిల్ల తడబడుతుంది. ఆటల సీజను అయిపోయింది, క్రిస్మస్ ఊరేగింపు వచ్చింది. అది అయింది, వసంతంలో జిల్లా పోటీ వచ్చింది. మళ్ళీ ఆగస్టు వచ్చింది. కియోనా తడబడితే బ్యాండు నడుం విరుగుతుంది. ఎందుకంటే రెండో ఏడు తిరక్కుండానే ఆ బ్యాండుకి నడుం ఆ పిల్లే అయింది. ఆమె ఊదుతుంటే చలిలో ఎవరో వెనకనుంచి వచ్చి భుజాల మీద దుప్పటి కప్పినట్టుండేది. ప్రూయిట్ గదిలో గోడ మీద జిల్లా పోటీల ఫలకాలు పదహారున్నాయి. పదిహేడోది కావాలనిపించింది, వచ్చింది. పద్దెనిమిదోది కావాలనిపించింది, అదీ వచ్చింది. ఆయన బద్ధకస్తుడు కాదు. బద్ధకమే అయితే నేను ఇంత కోపంగా చెప్పను. నేర్పకపోవడం వల్ల ఆయనకి లాభం కలుగుతోంది, అదీ సంగతి.

పిల్లకి మాత్రం ఆయనంటే ప్రాణం. తండ్రిని ఫొటోలో తప్ప ఎరగని ఇల్లు. తల్లి రెనీటా క్యాట్‌ఫిష్ ఫ్యాక్టరీలో చేపలు కోసే వరసలో నిలబడుతుంది, పదమూడేళ్ళుగా. ఐసు నీళ్ళలో నాని నాని ఆమె వేళ్ళు ఇప్పుడు పూర్తిగా ముడుచుకోవు. ఆ ఇంట్లో చేప వండరు. ఎవరైనా చేపల వేపుడు వాసనతో వస్తే గుమ్మంలోనే ఆపేస్తుంది. "నా కూతురు ఆ గేటు లోపల అడుగు పెడితే నా శవం మీంచే," అని చర్చి మెట్ల మీద అందరూ వినేలా అనేది.

ఆ గేటు తప్పించే దారి ఒక్కటే కనబడింది. రెండు గంటల దూరంలో మన నల్లవాళ్ళ కాలేజీ ఉంది, దానికి దేశమంతా చెప్పుకునే బ్యాండు ఉంది. ఆ బ్యాండులోకి స్కాలర్‌షిప్ మీద తీసుకుంటే చదువు, గది, భోజనం అన్నీ వాళ్ళే చూసుకుంటారు. రాకపోతే కాలేజీ లేదు. ఈ సంగతి తల్లికి తెలుసు, కూతురికి తెలుసు, ప్రూయిట్‌కి ఇద్దరికన్నా బాగా తెలుసు. ఆయన చదువుకున్నది ఆ కాలేజీలోనే. ఇప్పుడక్కడ పిల్లల్ని ఎంచే వెండెల్ హార్గ్రోవ్, ఆయనా ఒకప్పుడు ఒకే వరసలో పక్కపక్కన నిలబడి ఊదినవాళ్ళు.

ఆఖరి ఏడు జనవరిలో కాలేజీ నుంచి ఆడిషన్ కాగితం వచ్చింది. సరళీ స్వరాలు, తయారు చేసుకొచ్చిన ఒక పాట, ఆ తర్వాత అప్పటికప్పుడు ఇచ్చిన కాగితం చూసి వాయించడం. మూడోది చదవగానే ప్రూయిట్ గుండె జారింది. ఒక వారం రోజులు స్కూలయ్యాక కియోనాని కూర్చోబెట్టి బేస్ గుర్తు మొదలుపెట్టాడు. పిల్ల చెమటలు కక్కింది, నాలుగేళ్ళ అలవాటు వేళ్ళని వదల్లేదు. ఆ వారం బ్యాండు ప్రాక్టీసులో కూడా తప్పులు దొర్లాయి. పోటీ దగ్గర పడుతోంది. ఎనిమిదో రోజున ఆయన పుస్తకం మూసేశాడు.

"పోన్లే. చాలా కాలేజీల వాళ్ళు ట్రెబుల్ కాగితం కూడా పెట్టుకుంటారు. అడిగి ఇస్తారు," అన్నాడు. హార్గ్రోవ్‌కి ఒక ఫోను కొట్టి ముందే చెప్పుంటే సరిపోయేది. చేద్దాం చేద్దాం అనుకుంటూనే ఫిబ్రవరి వచ్చేసింది.

ఆ శనివారం పొద్దున్నే స్కూలు వ్యానులో ఇద్దరూ బయల్దేరారు. రెనీటాకి సెలవు దొరకలేదు. సాసేజీ పెట్టిన మెత్తటి బిస్కెట్ రొట్టెలు రేకు కాగితంలో చుట్టి ఇచ్చి, కూతురి గౌను మెడ రెండుసార్లు సర్ది, "సార్, మీ చేతుల్లో పెడుతున్నా," అంది. "నువ్వు నిశ్చింతగా ఉండు రెనీటా," అన్నాడాయన.

దారిలో పత్తి కోసేసిన పొలాల్లో నీళ్ళు నిలిచున్నాయి. కియోనా వాటినే చూస్తూ కూర్చుంది. చివరికి అడిగేసింది.

"సార్, చదవమని ఇచ్చేది బేస్ గుర్తుతో ఇస్తేనో?"

ఆయన అప్పుడు చెప్పాలి. ట్రెబుల్ కావాలని నోరు తెరిచి అడుగమ్మా, తప్పులేదు, అనాలి. దానికి బదులు నవ్వాడు.

"హార్గ్రోవ్ మనవాడే, కంగారు పడకు. ఆ రోజుల్లో వాడికీ నాకూ పందెం, కొత్త కాగితం ఎవరు ముందు చదువుతారా అని. ఒక్కసారి గెలిచాడేమో వాడు. ఇప్పటికీ చెప్పుకుంటాట్ట, ప్రూయిట్ దగ్గర్నుంచి వచ్చిన పిల్లంటే కళ్ళు మూసుకుని తీసుకోవచ్చని. లోపల వంకలు చెప్పకు, గొణక్కు. అడిగినదానికి ఏమంటాం?"

"ఎస్ సార్."

"అదీ."

కాలేజీలో సంగీత భవనం వరండా అంతా పిల్లలూ తల్లులూ. గోడకి మొహం పెట్టి ఒకడు ట్రాంబోను ఊదుతున్నాడు, పక్కనే ఒక తల్లి కొడుకు చొక్కా మీద కాఫీ మరక ఉమ్ముతో తుడుస్తోంది. యుఫోనియం వాళ్ళకి మూడో గది. తలుపు మీద కాగితం అంటించారు: ఆడిషన్ జరుగుతోంది, లోపలికి రావద్దు. కియోనా పేరు పిలిచారు. ప్రూయిట్ ఆమె వీపు మీద చిన్నగా తట్టాడు. తలుపు మూసుకుంది. ఆయన చెవి ఒగ్గి పక్కనే నిలబడ్డాడు.

సరళీ స్వరాలు నీళ్ళు జారినట్టు జారిపోయాయి. తర్వాత పాట. అది ఆయనే కూర్చుని చేత్తో ట్రెబుల్ గుర్తులోకి తిరగరాసి ఇచ్చింది, పిల్ల దాన్ని కంఠతా పట్టింది. ఎత్తుకున్న మొదటి ఊపిరికే వరండాలో ట్రాంబోను కుర్రాడు ఆపేసి ఇటు తిరిగాడు. కాఫీ మరక తల్లి గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ప్రూయిట్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గెలిచాం, అనుకున్నాడు. పాట అయిపోయాక లోపల ఎవరో నెమ్మదిగా చప్పట్లు కొట్టారు. అలా కొట్టరు ఆడిషన్లలో.

హార్గ్రోవ్ గొంతు ఏదో సరదాగా అంది. కియోనా ఏదో పొట్టిగా జవాబిచ్చింది. తర్వాత నిశ్శబ్దం. కాగితం చేతికిచ్చాక చూసుకోవడానికి అరనిమిషం ఇస్తారు.

అరనిమిషం అయ్యాక ఆమె మొదలుపెట్టింది. రెండు ఊపిర్లలో ప్రూయిట్‌కి అర్థమైపోయింది. లయ ఎక్కడా చెడలేదు, ఆగాల్సిన చోట ఆగుతోంది, సాగాల్సిన చోట సాగుతోంది. స్వరాలు మాత్రం ఒక్కటీ ఆ పాటవి కావు. బేస్ గుర్తుతో ఉన్న కాగితాన్ని వేళ్ళు ట్రెబుల్‌గా చదివేస్తున్నాయి. ఎక్కడో రెండు చోట్ల సరిచేసుకోవాలని పెనుగులాడింది, దాంతో అది ఇంకా ఘోరమైంది. తెలిసినవాళ్ళకే తెలుస్తుందది. ట్రాంబోను కుర్రాడు మొహం తిప్పుకున్నాడు.

అలాంటి కాగితాల్లో నాలుగు వరసలుంటాయి. మొదటి వరస అయ్యేసరికి ప్రూయిట్ చెయ్యి తలుపు పిడి మీద ఉంది. తలుపు తీసి, "ఒరేయ్ హార్గ్రోవ్, పిల్లకి ట్రెబులే వచ్చు, కాగితం మార్చు," అంటే అయిపోయేది. తలుపు మీద అంటించిన కాగితానికి భయపడ్డాడని మాత్రం అనుకోకండి. రోడ్డు మీద గవర్నరు గారి కార్లని ఆపి తన బ్యాండుని దాటించిన మనిషాయన. ఆయన భయపడింది హార్గ్రోవ్ మొహానికి. నాలుగేళ్ళు యుఫోనియం వాయించిన పిల్లకి దాని అక్షరాలే నేర్పలేదా నువ్వు, అని ఆ మొహం అడుగుతుంది. పక్కన ఇంకో ఇద్దరుంటారు, రేపటికి రాష్ట్రంలో బ్యాండు మాస్టర్లందరికీ తెలుస్తుంది. రెండో వరస అయింది. ఇప్పుడు తీస్తా, అనుకున్నాడు. మూడో వరస అయింది. ఇంకేం లాభం, అనుకున్నాడు. నాలుగోది అవుతుండగా పిడి వదిలేసి, వరండా దాటి, వ్యాను దగ్గరికి దాదాపు పరుగెత్తాడు. గుడ్డ తీసుకుని ముందు అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

కాసేపటికి కియోనా వాద్యం పెట్టె మోసుకుంటూ వచ్చింది.

"ఎలా అయిందమ్మా?"

"బాగానే అయింది సార్." ఆయన మొహంలోకి చూసింది. "మీరు విన్నారా?"

"లేదు, ఇక్కడే ఉన్నా. అద్దమంతా పురుగులు, చూడు."

పిల్ల గట్టిగా ఊపిరి వదిలింది. తన అవమానం ఆయన చూడలేదని కుదుటపడిందని ఆయనకి తెలుసు. తెలిసే ఊరుకున్నాడు. దారిలో ఆగి కోడి వేపుడు కొనిపెట్టాడు. రెండు ముక్కలు తిని, మిగతావి అమ్మకి అని మూట కట్టుకుంది.

ఉత్తరం ఏప్రిల్లో వచ్చింది. రెనీటా రాత్రి షిఫ్టు దిగి ఇంటికి వెళ్ళి, పెట్టెలో ఉత్తరం చూసి, రబ్బరు బూట్లు కూడా విప్పకుండా తిన్నగా బ్యాండు గదికి వచ్చేసింది. పిల్లలెవరూ ఇంకా రాలేదు.

"కాలేజీలో సీటిచ్చామని ఉంది సార్. స్కాలర్‌షిప్ సంగతి ఎక్కడో ఉంటుంది, నా కంటికి ఆనడం లేదు. మీరు చూడండి."

ఆయన చూశాడు. రెండు పేజీలూ తిరగేసి మళ్ళీ మొదటి నుంచి చూశాడు, లేదని తెలిసీ.

"లేదు రెనీటా."

"వెనకాల?"

"వెనకాల ఏం లేదమ్మా."

ఆమె ఉత్తరం తీసుకుని మడతలు చెడకుండా మడిచింది. "అంత బాగా ఊదుతుంది కదా సార్," అంది. "ఊళ్ళో అందరూ అంటారు కదా." ఆమె వెళ్ళాక గది నిండా ఐసు వాసన, చేప వాసన. ప్రూయిట్ కిటికీ తెరవకుండా ఆ వాసనలోనే కూర్చుండిపోయాడు.

మధ్యాహ్నం హార్గ్రోవ్‌కి ఫోను చేశాడు. మూడు నెలల కిందట చెయ్యాల్సిన ఫోను.

"ఒరేయ్ ప్రూయిట్! నేనే చేద్దామనుకుంటున్నా. ఆ పిల్ల పాట విని ముగ్గురం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నాం రా. ఇదేరా మనకి కావాల్సింది అన్నాను పక్కవాడితో. తీరా చదవమంటే అదేంట్రా?"

"దానికి ట్రెబులే వచ్చురా."



"ట్రెబుల్ కాగితం అదే ఫోల్డర్లో ఉంది," అన్నాడు హార్గ్రోవ్. సరదా అంతా పోయింది గొంతులోంచి. "అడిగాను కూడా దాన్ని."

"ఇప్పుడేమన్నా చెయ్యొచ్చా? మళ్ళీ ఒకసారి విను. నేనే తీసుకొస్తా."

"ఇచ్చేశాంరా. యుఫోనియంకి ఉన్నది ఒక్కటే. గ్రీన్‌వుడ్ కుర్రాడొకడు, దీని కాలిగోటికి సరిపోడు. చదవడం వచ్చు, అంతే. సంతకం కూడా పెట్టేశాడు." గొంతు పెంచాడు. "ఆ నిమిషంలో ఎవడన్నా తలుపు కొట్టి చెప్పుంటే నాలుగు తిట్టి కాగితం మార్చేవాణ్ణి కదరా. నువ్వెక్కడ తగలడ్డావప్పుడు?"

"వ్యాను దగ్గర," అన్నాడు ప్రూయిట్.

జిల్లా పోటీలో ఆ ఏడూ ఫలకం వచ్చింది. దాన్ని ఆయన గోడకి కొట్టలేదు. ఊళ్ళో వాళ్ళు మేకులు దొరకలేదా అని హాస్యమాడారు. మే నెలలో స్కూలు చదువైపోయిన పిల్లలందరూ నీలం గౌన్లు వేసుకుని వేదికెక్కారు. కియోనా పేరు పిలిచినప్పుడు అందరికన్నా ఎక్కువ చప్పట్లు మోగాయి. ఆ పై వారం ఫ్యాక్టరీలో కొత్తవాళ్ళని చేర్చుకుంటున్నారని తెలిసింది.

ప్రూయిట్ పది రోజులు ఆ వీధిలోకి వెళ్ళడానికే జంకాడు. జూన్ మొదటి శనివారం, బేస్ గుర్తు నేర్పే పుస్తకం కొత్తది ఒకటి కొని, చంకలో పెట్టుకుని రెనీటా ఇంటికి వెళ్ళాడు. కియోనా వాకిట్లో మెట్ల మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. ఆయన్ని చూడగానే లేచి నిలబడింది, బ్యాండులో నిలబడినట్టే.

"కూర్చో తల్లీ, కూర్చో," అని ఆయన కూడా మెట్టు మీద కూలబడ్డాడు. పుస్తకం ఆమె ఒళ్ళో పెట్టాడు. "ఈ వేసవంతా రోజూ నేర్పిస్తా. వచ్చే ఏడు మళ్ళీ వెళ్దాం. ఆ కాలేజీ కాకపోతే ఇంకోటి. నెల రోజుల పని."

కియోనా పేజీలు తిప్పింది. "ఇవాళ్టి నుంచి ఫ్యాక్టరీలో షిఫ్టు మధ్యాహ్నం రెండింటికి సార్, అమ్మా నేనూ. పొద్దున్నైతే రాగలను," అంది. ఆ గొంతులో ఆశ ఉంది.

"ఒక్క మాట అడుగుతా. ఆ రోజు ట్రెబుల్ కావాలని ఎందుకు అడగలేదమ్మా?"

పిల్ల బఠాణీ కాయ ఒకటి తీసి, ఒలవకుండా చేతిలో తిప్పింది.

"ఆయన అడిగారు సార్. నవ్వుతూ అడిగారు. 'ప్రూయిట్ పిల్లవి, నిన్ను వేరే అడగాలా, బేస్ గుర్తేగా,' అన్నారు. రాదంటే మిమ్మల్నేమనుకుంటారు? మిగతా ఇద్దరూ ఉన్నారు. మీ పేరు పోతుందనిపించింది. ఎస్ సార్ అనేశా. ఎలాగో లెక్కపెట్టుకుని చదివేద్దామనుకున్నా గానీ, వేళ్ళు వినలేదు."

పద్దెనిమిదేళ్ళ పిల్ల ప్రూయిట్ పరువు కాపాడ్డానికి తన బతుకుని అడ్డం పెట్టింది. తలుపుకి ఇవతల ఆయనా అదే పరువు కాపాడుకుంటూ నిలబడ్డాడు. ఆ రోజు ఆ గదికి రెండు వైపులా కాపలా కాసింది దానికే.

లోపల్నుంచి రెనీటా పళ్ళెం పట్టుకుని వచ్చింది. గ్రేవీలో మగ్గిన కోడి, ఆకుకూర, మొక్కజొన్న రొట్టె. "తినందే కదలనివ్వను సార్," అని పళ్ళెం ఆయన చేతిలో పెట్టింది. పుస్తకం చూసి ఆమె మొహం విప్పారింది. "చెప్పానా కియోనా, సార్ ఊరుకోరని? మొదట్లో నేనూ కోపంగానే ఉన్నా సార్, దాచడమెందుకు. అంత జరుగుతుంటే ఈయనెక్కడున్నాడే అని దీన్ని నిలదీశా. 'వ్యాను దగ్గరున్నారమ్మా, వినలేదు, వినుంటే ఆ తలుపు విరగ్గొట్టైనా లోపలికి వచ్చేవారు,' అంది. నిజమే కదా అనుకున్నా. మీ సంగతి నాకు తెలీదా?"

పళ్ళెం ఆయన చేతుల్లో వేడిగా ఉంది. అవును అని తలూపి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంటే చాలు, రేపు పొద్దున్నించి పాఠం మొదలవుతుంది. అంత తేలిక. ఆయన పళ్ళెం మెట్టు మీద పెట్టాడు.

"రెనీటా, నేను వ్యాను దగ్గర లేను. తలుపు దగ్గరే ఉన్నాను."

కియోనా చేతిలో పేజీ ఆగిపోయింది.

"ఎప్పట్నుంచీ సార్?"

"నువ్వు లోపలికి వెళ్ళినప్పట్నుంచీ."

"చదివింది విన్నారా?"

"విన్నాను."

"ఎక్కడ తెలిసింది మీకు?"

"మొదటి వరసలోనే."

ఆమె పెదాలు కదిలాయి. ఇంకా మూడు వరసలు ఉండగా, అని లెక్క చూసుకుంటోందని ఆయనకి తెలిసింది. వీధిలో ఎవరిదో కారు పాటలు మోగించుకుంటూ వెళ్ళిపోయింది.

రెనీటా అరవలేదు. అరిస్తే బావుండునని ఆయన ఎదురు చూశాడు. ఆమె గుమ్మానికి ఆనుకుని, ముడుచుకోని వేళ్ళతో చిరుగులు పడ్డ ఏప్రాన్ అంచు పట్టుకుని, ఏదో వెతుకుతున్నట్టు ఆయన్ని చూసింది. వెతుకుతున్నది ఆయన కోసమే. ఆయన్ని ఒడ్డున పడెయ్యడానికి ఏదో ఒక్క కారణం.

"లోపల గడియేసుందా సార్?" అని అడిగింది.

అవునంటే ఆమె నమ్మేది. నమ్మాలని ఆమెకెంత ఉందో ఆ కళ్ళల్లో కనబడుతోంది.

"లేదమ్మా," అన్నాడు ప్రూయిట్. "చెయ్యి పిడి మీదే ఉంది. తియ్యలేదు."

కియోనా పుస్తకం మూసి ఆయన పక్కన మెట్టు మీద పెట్టింది. విసిరెయ్యలేదు, పెట్టింది. బఠాణీల గిన్నె తీసుకుని, "టైమవుతోందమ్మా," అంటూ లోపలికి వెళ్ళింది. రెనీటా కాసేపు అక్కడే నిలబడింది. "తినండి సార్, చల్లారిపోతుంది," అని, ఆమె కూడా వెళ్ళింది.

ఆయన పళ్ళెం ఒళ్ళో పెట్టుకున్నాడు. ముద్ద దిగడం లేదు, అయినా తిన్నాడు. రెండు గంటలవడానికి ఇరవై నిమిషాలుందనగా తల్లీ కూతుళ్ళిద్దరూ బయటికి వచ్చారు. ఆయన పక్కకి ఒదిగితే, ఆ సందులోంచి మెట్లు దిగారు. కియోనా కాళ్ళకి తెల్ల రబ్బరు బూట్లు ఉన్నాయి, సరికొత్తవి, అంచుకి ధర చీటీ ఇంకా వేలాడుతోంది. రెనీటా వంగి, ఆ చీటీ పీకి, జేబులో వేసుకుంది. ఇద్దరూ ఫ్యాక్టరీ బస్సు ఆగే వైపు నడిచారు.